కూలిన గోడలకు ప్లాస్టరా, ఫోమా: యుద్ధకాలపు వీధి డయోరమాకు ఏది మేలు?

రెండో ప్రపంచ యుద్ధకాలపు వీధి డయోరమా (ఒక దృశ్యాన్ని చిన్న స్కేల్లో కట్టే నమూనా) మొదలుపెట్టేవాళ్లు ఏ ట్యాంకు పెట్టాలో, ఎన్ని బొమ్మలు నిలబెట్టాలో ముందే తేల్చుకుంటారు. ఆగిపోయేది గోడల దగ్గర. "కూలిన ఇళ్లను ప్లాస్టర్‌తో పోత పోసుకోవాలా, ఫోమ్ కోసి కట్టుకోవాలా?" అని అడిగినవాళ్లకు విడివిడిగా చెబుతూ వచ్చిన జవాబునే ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. స్కేలు 1/35, అంటే అసలు కొలతలో 35వ వంతు అనుకునే రాస్తున్నాను. 1/72 లెక్క వేరు, దాని సంగతి చివర్లో.

బరువు, ఆరే సమయం, దుమ్ము, ఖర్చు అంటూ పోల్చడానికి చాలా ఉన్నాయి. నా దృష్టిలో అవన్నీ రెండో వరసలోవి. తేల్చేది ఒక్కటే: గోడ విరిగిన చోట అంచు ఎలా కనిపిస్తోంది? చూసేవాళ్ల కన్ను చెక్కుచెదరని గోడ మీద ఎక్కువసేపు నిలవదు. తెగిన అంచు వెంబడే పైకి పాకి, అక్కడి నుంచి కింద పడ్డ గుట్టలోకి దిగుతుంది. ఆ అంచు కుదరకపోతే ముందు నిలబెట్టిన జర్మన్ ట్యాంకు పాంథర్‌కి ఎంత గొప్పగా రంగు వేసినా వెనక ఉన్నది ఇల్లని నమ్మబుద్ధి కాదు.

అందుకే ముందు అసలు గోడ ఎలా విరుగుతుందో చూడాలి. యుద్ధానికి చాలా ముందే కట్టిన యూరప్ ఇటుక ఇళ్లలో ఎక్కువ భాగం సున్నంతో కట్టినవి. సున్నం ఇటుక కన్నా మెత్తన. గోడ కూలేటప్పుడు పగులు ఇటుకలను చీల్చుకుంటూ పోదు, చాలాచోట్ల వరసల మధ్య సందులు పట్టుకుని మెట్లుమెట్లుగా దిగుతుంది. కింద గుట్టలో పూర్తి ఇటుకలు, సగం ఇటుకలు బోలెడు ఉంటాయి. యుద్ధం ముగిశాక జర్మన్ నగరాల్లో ఆడవాళ్లు శిథిలాల్లోంచి ఇటుకలు ఏరి, అంటుకున్న సున్నాన్ని సుత్తితో రాల్చి, మళ్లీ కట్టడానికి వరసగా పేర్చిన ఫొటోలు చూసే ఉంటారు. ఇటుకకు ఇటుక ఊడి వచ్చింది కాబట్టే ఆ పని సాధ్యమైంది. డయోరమాలో గుట్టంతా కంకరలా ఉంటే అది కూలిన ఇల్లులా అనిపించదు, రోడ్డు పనికి తెచ్చి పోసిన లోడులా అనిపిస్తుంది.

ఇప్పుడు కొలతలు. పాత జర్మన్ ప్రామాణిక ఇటుక 250 × 120 × 65 మి.మీ. 1/35లో అది 7.1 × 3.4 × 1.9 మి.మీ. అవుతుంది. ఇటుకల మధ్య సందు 0.3 మి.మీ. ఒకటిన్నర ఇటుక మందం ఉన్న గోడ 38 సెం.మీ., అంటే మన స్కేల్లో దాదాపు 11 మి.మీ. ఈ 11 మి.మీ. అనే అంకె చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. 3, 4 మి.మీ. మందంతో కట్టిన గోడలు డయోరమాల్లో తరచూ కనిపిస్తాయి. అసలు ఇంట్లో అది గదికీ గదికీ మధ్య అడ్డుగోడ మందం. అలాంటి గోడ మూడంతస్తులు మోస్తున్నట్టు చూపిస్తే, ఎందుకో చెప్పలేకపోయినా చూసేవాళ్లకు తేడా తెలిసిపోతుంది.

ఇక ప్లాస్టర్. గాజు పలక మీద 11 మి.మీ. ఎత్తు చట్రం పెట్టి గోడను పడుకోబెట్టి పోస్తాను. పోసేముందే నీళ్లలో కాస్త ఎర్ర ఐరన్ ఆక్సైడ్ పొడి కలుపుతాను, తర్వాత ఎక్కడ విరిగినా లోపల తెల్లగా బయటపడకుండా. పొడి మరీ ఎక్కువైతే ప్లాస్టర్ బలం తగ్గుతుంది, అది గుర్తుంచుకోవాలి. గట్టిపడి ఇంకా తడిగా ఉండగానే రెండు వైపులా ఇటుక వరసలు గీయాలి. రెండు వైపులా అని నొక్కి చెబుతున్నాను. ముందువైపు మాత్రమే గీసి వదిలేస్తే విరిగిన అంచు దగ్గర మోసం బయటపడుతుంది. వరసకు 2.2 మి.మీ. చొప్పున ముందూ వెనకా గీతలు ఒకే ఎత్తులో కలవాలి.

ఆరాక, విరగాల్సిన దారిని వెనక నుంచి మెట్లుమెట్లుగా కత్తితో గాటు పెట్టి, కొంచెం తడిపి, పట్టకారుతో తుంచుతాను. అంచు గరుకుగా, నిజంగా విరిగినట్టే వస్తుంది, ఎందుకంటే అది నిజంగా విరిగింది. కానీ పని అక్కడితో అయిపోదు. ఆ అంచు మందం మీద కూడా ఇటుకలు కనిపించాలి. ఒకటిన్నర ఇటుక గోడను అడ్డంగా కోస్తే, ఒక వరసలో బయటివైపు పొడుగు ఇటుక, లోపలివైపు పొట్టి ఇటుక ఉంటాయి. పై వరసలో అది తారుమారు. 7.1కి 0.3 సందు, 3.4 కలిపితే 10.8, మన 11 మి.మీ.కి సరిగ్గా సరిపోయింది. కత్తి మొనతో ఆ సందులను ఒక్కో వరసలో గీకి, అక్కడక్కడా ఒక ఇటుకను సగానికి ఊడగొడితే అంచుకు పళ్లు వస్తాయి. గంటల పనే. అయినా మొత్తం డయోరమాలో చేసిన శ్రమకు ఇంత ఫలితం కనిపించే చోటు ఇంకొకటి లేదని నా నమ్మకం.

ఆ తర్వాత గార. గోడ మీది గార ఇటుకల అంచు దాకా రాదు. దెబ్బ తగిలినచోట అంతకన్నా వెనక్కే పెళ్లలుగా రాలిపోతుంది. లోపలివైపు దాని మీద వాల్‌పేపర్ కూడా ఉంటే, పెళ్ల రాలినచోట కాగితం చిరిగి వేలాడుతుంది. ప్లాస్టర్ గోడ మీద పలచటి ప్లాస్టర్ పూతే వేసి కత్తితో పెళ్లగిస్తే, అసలు గార రాలినట్టే రాలుతుంది.

తూట్ల విషయంలో తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 1943 డిసెంబరులో ఇటలీలోని ఒర్తోనాలో కెనడా సైనికులు వీధిలోకి రాకుండా ఇళ్ల మధ్య ఉమ్మడి గోడలను పేల్చి, ఒక ఇంట్లోంచి పక్కింట్లోకి దూరుతూ ముందుకు పోయారు. ఆ దృశ్యం చేయాలంటే గోడలో మనిషి పట్టే కన్నం కావాలి. ప్లాస్టర్‌లో చిన్న రంధ్రాలు వేసి ఒకవైపు నుంచి కొట్టి తోస్తే, అవతలివైపు గొయ్యి వెడల్పుగా విచ్చుకుని పెచ్చులు లేస్తాయి. అసలు గోడ చేసేదీ అదే. ఫోమ్‌లో అదే కన్నం గొట్టంలా వస్తుంది. ఆ విచ్చుకున్న పెదవిని మనమే చెక్కి పుట్టించాలి.

ఫోమ్‌కు అన్యాయం చేయను. నేను చెబుతున్నది ఎక్స్‌ట్రూడెడ్ పాలీస్టైరీన్ పలకల గురించి, పూసలు పూసలుగా రాలే తెల్ల థర్మాకోల్ గురించి కాదు. ఆరేదాకా ఆగనక్కర్లేదు, నచ్చకపోతే ఆ ముక్క తీసేసి ఇంకోటి అతికించుకోవచ్చు, బాల్‌పెన్‌తో నొక్కితే ఇటుక గీతలు ఇట్టే పడతాయి, నలిపిన అల్యూమినియం రేకు ఉండతో అద్దితే రాతి గరుకుతనం వస్తుంది. 10 మి.మీ. పలక దొరికితే గోడ మందం సమస్య కూడా దాదాపు తీరినట్టే. స్ప్రే డబ్బా రంగులు, థిన్నర్లు దాన్ని కరిగించేస్తాయి కాబట్టి ముందు నల్ల ఆక్రిలిక్‌లో తెల్ల జిగురు కలిపి ఒక పూత వేయాలి. అంతే.

నాకు పొసగనిది దాని అంచు. కత్తితో కోస్తే నున్నగా, గీత గీసినట్టు వస్తుంది. చేత్తో చింపితే మెత్తగా పీచులా వస్తుంది. రెండూ ఇటుక తీరు కాదు. నేర్పరులు దీనికి ఉపాయం కనిపెట్టారు: విరిగే చోట పలకను వదిలేసి, ఫోమ్‌నే చిన్నచిన్న ఇటుకలుగా కోసి, పై వరసలను ఒక్కొక్కటిగా పేర్చుకుంటూ వస్తారు. మెట్ల అంచు చక్కగా వస్తుంది, ఆ ఓపికకు నేను దండం పెడతాను. కానీ ఇటుక మూల చిట్లాలి. ఫోమ్ మూల చిట్లదు, నొక్కుకుపోయి గుండ్రమవుతుంది. దగ్గర నుంచి చూస్తే గుట్టలోని ప్రతి ఇటుకా సబ్బు బిళ్లలా అరిగినట్టుంటుంది.

ఆ గుట్ట దగ్గరే నా మనసు పూర్తిగా ప్లాస్టర్ వైపు మొగ్గుతుంది. ప్లాస్టర్ ఇటుకలను చిన్న అచ్చులో పోసుకుని, కొన్ని విరగ్గొట్టి, పొడితో సహా గోడ కింద పై నుంచి వదిలితే అవి తమ బరువుకు తామే దొర్లి కుదురుకుంటాయి. పెద్దవి అడుగుకు జారతాయి, పొడి సందుల్లో నిండుతుంది, గుట్టకు సహజమైన వాలు వస్తుంది. పలచటి జిగురు చుక్కలుగా వదిలితే పీల్చుకుని బిగుస్తాయి. ఫోమ్ ఇటుకలు అదే జిగురులో తేలిపోతాయి, ఒక్కొక్కటీ పట్టుకుని అతికించాలి. చేత్తో అతికించిన గుట్టలో అమరిక కనిపిస్తుంది. కూలిన గుట్టలో అమరిక ఉండదు. ఏది వాడినా గుట్టలో ఇటుకలొక్కటే పోసి వదిలేయకండి. విరిగిన నేల దూలాలు, పైకప్పు పెంకులు, కిటికీ చట్రాలు, గార ముక్కలు అన్నీ కలిసే కూలుతాయి.

రాతి ఇళ్ల ఊరైతే పోటీయే లేదు. 1944లో నేలమట్టమైన నార్మండీలోని కాన్ నగరం లేత రంగు సున్నపురాతితో కట్టింది. విరిగిన ప్లాస్టర్ ముక్క దాదాపు ఆ రాయే. విరిగిన గోడలను పరిశీలించడానికి రెండు చోట్ల ఫొటోలు బాగా పనికొస్తాయి: ఇటుకకు రష్యాలోని వోల్గోగ్రాద్ (అప్పటి స్టాలిన్‌గ్రాద్)లో యుద్ధస్మారకంగా అలాగే ఉంచిన గెర్హార్ట్ మిల్లు, రాతికి ఫ్రాన్స్‌లోని ఒరాదూర్-స్యూర్-గ్లాన్. 1944 జూన్ 10న ఊరివాళ్లను ఊచకోత కోసి తగలబెట్టిన ఊరది, తలచుకుంటూ చూడాల్సిన చోటు. బాంబు పడ్డ ఇంటికీ కాలిన ఇంటికీ తేడా అక్కడ తెలుస్తుంది. కాలిన ఇంట్లో పైకప్పు, నేలలు పోయి గోడలు నిలబడే ఉంటాయి, వీధిలో గుట్ట తక్కువ, ఇంటి లోపల ఎక్కువ.

బరువు దగ్గర ఫోమ్ గెలుస్తుంది, ఒప్పుకోవాల్సిందే. 30 సెం.మీ. వెడల్పు, 25 సెం.మీ. ఎత్తు గోడ ప్లాస్టర్‌లో కిలోకు దగ్గరగా తూగుతుంది, ఫోమ్‌లో 30 గ్రాములకు మించదు. రెండంతస్తుల మూల ఇల్లు ఒకటయితే అడుగున గట్టి ప్లైవుడ్ వేసి సర్దుకోవచ్చు. పెద్ద నగరాల లెక్క వేరు. బెర్లిన్ పాత ఇళ్లకు చూరు ఎత్తు 22 మీటర్లు, 1/35లో 63 సెం.మీ. అంత ఎత్తు ప్లాస్టర్‌ను ఇంట్లోంచి బయటికి మోసుకెళ్లే ఆలోచన ఉంటే వద్దంటాను. 1945 మార్చి 6న జర్మనీలోని కొలోన్‌లో కెథెడ్రల్ చర్చి ముందు అమెరికా ట్యాంకు పెర్షింగ్ దెబ్బకు పాంథర్ తగలబడిన దృశ్యం చేయాలనుకునేవాళ్లకూ ఇదే మాట: వెనక ఎత్తుగా నిలిచేవన్నీ ఫోమ్‌తో చేసి, ట్యాంకు పక్కన కంటికి దగ్గరగా ఉండే విరిగిన గోడ ఒక్కటీ ప్లాస్టర్‌తో పోయండి. రంగుకు ముందు రెండింటి మీదా ఒకే ప్రైమర్ పూత పడాలి. లేకపోతే ప్లాస్టర్ రంగును ఎక్కువ పీల్చుకుని వేరేగా కనిపిస్తుంది.

నేల మీద పరిచిన రాళ్లకు కూడా ఫోమే మేలు. వీధి చదునుగా ఉంటుంది, విరిగిన అంచులు తక్కువ, గీతలు నొక్కడం తేలిక. ప్రామాణిక గేజు ట్రాము పట్టాలు వేయాలంటే వాటి మధ్య 41 మి.మీ. ఉంచండి.

మిగతావి క్లుప్తంగా. వాక్యూమ్‌ఫార్మ్ (పలచటి ప్లాస్టిక్ రేకును అచ్చు మీద వంచి చేసిన) ఇళ్ల కిట్లు లోపల డొల్ల, విరిగిన అంచంతా మనమే పూడ్చాలి. లేజర్‌తో కోసిన ఎండీఎఫ్ చెక్క పలకకు ఇటుకలు పైపైనే ఉంటాయి, అంచు కాలి నల్లబడి ఉంటుంది. 3డి ప్రింటు కిటికీలకు, బాల్కనీ కమ్ములకు భేషుగ్గా ఉంటుంది, గోడకు అక్కర్లేదు.

ఇక 1/72. అక్కడ ఇటుక ఎత్తు 0.9 మి.మీ., ఒకటిన్నర ఇటుక గోడ 5 మి.మీ.కి కాస్త ఎక్కువ. అంచు మందంలో పొడుగు ఇటుకేదో పొట్టి ఇటుకేదో కంటికి ఆనదు, మూల చిట్లిందో నొక్కుకుందో ఎవరికీ తెలియదు. బెర్లిన్ ఇల్లు కూడా 31 సెం.మీ.లో ఇమిడిపోతుంది. ఆ స్కేల్లో నేను ప్లాస్టర్ జోలికే వెళ్లను. 5 మి.మీ. ఫోమ్ పలక తీసుకుని, అంచును వేలిగోరుతో గిల్లుకుంటూ పోతే సరిపోతుంది.