ముర్రుపాలు: దూడను తల్లికి వదలాలా, పిండి సీసాతో పట్టాలా?

తల్లి గర్భంలో ఉండగా దూడకు రోగనిరోధక శక్తి అందదు. అది ముర్రుపాల నుంచే, అంటే ఈనగానే వచ్చే తొలి పాల నుంచే రావాలి. దాన్ని ఒంటపట్టించుకునే గుణం పేగుకు గంటగంటకూ తగ్గి, పుట్టిన 24 గంటలకు దాదాపు పోతుంది.

తల్లికి వదిలితే పని తక్కువ, పాలు వెచ్చగా అందుతాయి. చిక్కల్లా ఎంత తాగిందో తెలియదు. తొలిచూలు గేదె తన్నవచ్చు. పొదుగు బాగా జారి ఉంటే దూడ పైపైనే వెతుకుతూ అలసిపోతుంది. పేడంటిన చన్నులైతే పాలకన్నా ముందే క్రిములు లోపలికి పోతాయి. అందుకే చన్నులు కడిగి, మొదటి రెండు ధారలు పారబోసి, చన్ను నోటికందించి దగ్గరే ఉండాలి.

సీసాతో లెక్క మన చేతిలో ఉంటుంది. 30 కిలోల దూడకు మొత్తం 3 లీటర్లు: రెండు గంటల్లోపు సగం, 12 గంటల్లోపు మిగతాది. పాలు చల్లారితే వేడినీళ్ల గిన్నెలో సీసా ఉంచి గోరువెచ్చన చేయాలి, పొయ్యి మీద కాస్తే రక్షక పదార్థాలు చెడతాయి. తల బాగా పైకెత్తి గబగబా పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, న్యుమోనియా వస్తుంది.

బలహీనమైన దూడకు, తొలిచూలు పశువు దూడకు సీసాయే మేలు. ఏదైనా సరే, మాయ (గర్భంలో దూడను అంటి ఉండి, ఈనాక బయటపడే పొర) పడేదాకా ఆగొద్దు. దూడ చీకినా, మనం పిండినా గర్భాశయం ముడుచుకుని మాయ పడటానికి తోడ్పడుతుంది.