తుపాకీ దారా, ఓటు దారా: కౌలు రైతుకు ఏది మేలు?

చంద్రగిరి దగ్గర మా తాత కోరుకు చేసిన కయ్యలో వడ్లు తూర్పారబట్టాక, రాశి మీద బూడిదతో ముద్ర వేసి, భూస్వామి మనిషి వచ్చి కొలిచేదాకా గింజ ముట్టేవారు కాదు. సగం పంట భూస్వామిది. కౌలుకు కాగితం లేదు, వచ్చే ఏడు ఆ కయ్య దక్కుతుందన్న నమ్మకమూ లేదు. విప్లవ సోషలిస్టు పార్టీ అధికారానికి ఏ దారిన రావడం మేలన్న ప్రశ్నను నేను ఆ రాశి దగ్గర నిలబడే తూచుతాను.

రష్యాలో లెనిన్ నాయకత్వంలోని విప్లవ పార్టీ బోల్షివిక్కులు 1917 నవంబరు 7న అధికారం చేజిక్కించుకొని, మర్నాడే భూమి డిక్రీతో భూస్వాముల హక్కును రద్దు చేశారు. అంత వేగం ఓటు దారికి ఎక్కడా సాధ్యపడలేదని ఒప్పుకోవాలి. అయితే అదే నెలలో మొదలైన రాజ్యాంగ సభ ఎన్నికల్లో వారికి నాలుగో వంతు ఓట్లే రాగా, 1918 జనవరిలో ఒక్కసారి సమావేశమైన ఆ సభను వారు రద్దు చేశారు. 1929 తర్వాత సమష్టి వ్యవసాయం పేరిట ఆ భూమినే రైతు చేతిలోంచి తీసుకున్నప్పుడు, వద్దని ఓటు వేసే చోటే మిగల్లేదు. 1932-33 కరువులో లక్షలాది మంది చనిపోయారు.

కేరళలో 1948 నాటి సాయుధ పంథాను వదిలిన కమ్యూనిస్టు పార్టీ, 1957లో 126 స్థానాలకు 60 గెలిచి, స్వతంత్రుల మద్దతుతో ఏప్రిల్ 5న ఈఎంఎస్ నంబూద్రిపాద్ మంత్రివర్గాన్ని ఏర్పరచింది. వారం తిరగకముందే కౌలుదారులను భూమి నుంచి వెళ్ళగొట్టరాదని ఆర్డినెన్సు తెచ్చింది. 1959 జూలై 31న కేంద్రం ఆ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసింది. ఆ అన్యాయాన్ని నేను తక్కువ చేయను. కానీ పార్టీ దిగిపోయినా ఆ పని ఆగలేదు. 1970 జనవరి 1 నుంచి అమలైన చట్టంతో జన్మీల (అక్కడి భూస్వాముల) కింద సాగు చేసినవారు హక్కుదారులయ్యారు. పదమూడేళ్ళ ఆలస్యం చిన్నదేమీ కాదు, అంతలో ఒక కౌలు రైతు నడుం వంగిపోతుంది. అయినా వచ్చిన హక్కు నిలిచింది కనుక నా తూకం ఓటు దారి వైపే మొగ్గుతుంది.

ఆ దారి మెత్తనిదని మాత్రం అనలేను. మన ఆంధ్ర రాష్ట్రంలో 1955లో కమ్యూనిస్టులు దాదాపు 31 శాతం ఓట్లు తెచ్చుకొని కూడా 196లో 15 స్థానాలకే పరిమితమయ్యారు.

నేపాల్ మావోయిస్టులు రెండు దారులూ నడిచారు: 1996 నుంచి పదేళ్ళ యుద్ధం, ఆపై 2008 ఎన్నికల్లో అతి పెద్ద పార్టీ. రాచరికం పోయింది, కానీ వారి నాయకుడు ప్రచండ ప్రభుత్వం ఏడాది కూడా నిలవలేదు.

మా తాత చేసిన కయ్యను ఇప్పుడు మరొకరు కౌలుకు చేస్తున్నారు. 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం కింద వారికి పదకొండు నెలల కౌలు కార్డు రావాలంటే భూ యజమాని సంతకం కావాలి. ఈ ఖరీఫ్‌కు ఆ సంతకం ఇంకా పడలేదు.