బత్తాయి: రసమా, తొనలా?

ఒంగోలు బస్టాండు దగ్గర గ్లాసుడు బత్తాయి రసానికి మూడు నాలుగు కాయలు పిండి, పీచంతా జల్లెడలోనే వదిలేసి, పైన రెండు చెంచాల పంచదార కలుపుతారు. బత్తాయి కూడా నారింజ జాతిదే; ఆ పంచదార లేకపోయినా 240 మిల్లీలీటర్ల నారింజ రసంలో 20 గ్రాములకు పైగా చక్కెర, సుమారు 110 కేలరీలు ఉంటాయి. పీచు దాదాపు ఉండదు గనుక ఆ చక్కెర త్వరగా రక్తంలో కలిసి ఇన్సులిన్‌ను పెంచుతుంది. మధ్యరకం నారింజను తొనలుగా తింటే చక్కెర సుమారు 12 గ్రాములే. దాదాపు 3 గ్రాముల పీచు కడుపు నింపుతుంది, పైగా యాంటీఆక్సిడెంట్‌గా పనిచేసే హెస్పెరిడిన్ అనే పదార్థం ఎక్కువగా ఉండేది మనం చేదని వలిచి పారేసే తెల్లటి పొరలోనే. అలాగని రసం విషమేమీ కాదు: ఆరోగ్యవంతులు భోజనంతోపాటు చిన్న గ్లాసుడు తాగితే, అందులోని సి విటమిన్ పప్పు, ఆకుకూరల్లోని ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. నెల్లూరు జిల్లాలో నిమ్మకు పేరున్న పొదలకూరు నిమ్మకాయ పిండిన మంచినీళ్లు కూడా కొంతవరకు ఆ పని చేస్తాయి.