మర్మర్ వినిపించిన కుక్కకు పిమోబెండాన్ వెంటనే మొదలుపెట్టాలా, వేచి చూడాలా?

వయసు మీరిన చిన్న జాతి కుక్కను టీకా కోసం తీసుకువెళ్ళినప్పుడు డాక్టరు స్టెతస్కోపు పెట్టి, గుండెలో మర్మర్ (గుండె చప్పుళ్ళ మధ్య వినిపించే అదనపు శబ్దం) వినిపిస్తోందని చెబుతారు. కుక్క మాత్రం ఎప్పటిలాగే తింటూ, ఆడుతూ ఉంటుంది. ఆ స్థితిలో ఉన్నవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: గుండె బలంగా కొట్టుకునేందుకు తోడ్పడే పిమోబెండాన్ మాత్రను ఇప్పుడే మొదలుపెట్టడం మేలా, లక్షణాలు కనిపించేదాకా ఆగడం మేలా? పదకొండేళ్ళ మా కుక్క విషయంలో ఈమధ్యే నేనూ ఈ నిర్ణయం తీసుకోవలసి వచ్చింది. గుండె ఎడమవైపు పై గదికీ (కర్ణిక) కింది గదికీ (జఠరిక) మధ్య ఉండే మైట్రల్ కవాటం అరిగి రక్తం వెనక్కి కారే జబ్బు గురించే ఇక్కడ రాస్తున్నాను. కుక్కల్లో వయసుతో వచ్చే గుండె జబ్బుల్లో ఎక్కువ భాగం ఇదే.

నా దృష్టిలో ఈ ప్రశ్నను తేల్చేది మర్మర్ ఎంత గట్టిగా ఉందన్నది కాదు, గుండె ఎంత పెరిగిందన్నది. కవాటం సరిగా మూసుకోనప్పుడు ప్రతి స్పందనలోనూ కొంత రక్తం ఎడమ కర్ణికలోకి తిరిగి వస్తుంది. ఆ అదనపు భారాన్ని ఏళ్ళ తరబడి మోసిన కర్ణిక సాగుతుంది, ఆ వెంట ఎడమ జఠరిక కూడా పెద్దదవుతుంది. ఒకే గ్రేడు మర్మర్ ఉన్న రెండు కుక్కల్లో ఒకదాని గుండె మామూలు పరిమాణంలోనే ఉండి, రెండోదాని గుండె బాగా పెరిగిపోయి ఉండవచ్చు. మొదటి దశను బీ1 అనీ, రెండో దశను బీ2 అనీ అంటారు. బయటికి లక్షణాలేవీ లేకపోవడం మాత్రం రెంటికీ సమానమే.

పిమోబెండాన్ పక్షాన ఉన్న ఆధారం గట్టిది. 2016లో వెలువడిన ఎపిక్ పరిశోధనలో, లక్షణాలు లేకపోయినా గుండె పెరిగిన 360 కుక్కలను రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గానికి ఈ మందు, మరో వర్గానికి మందు లేని మాత్ర ఇచ్చారు. మందు వాడిన కుక్కల్లో గుండె వైఫల్యం లేదా గుండె జబ్బు వల్ల మరణం సుమారు 15 నెలలు ఆలస్యమైంది. కుక్క ఆయుష్షులో 15 నెలలంటే చిన్న కాలం కాదు. అయితే ఆ పరిశోధనలోకి ఏ కుక్కలను తీసుకున్నారన్నది మరచిపోకూడదు: ఎకోలో, అంటే గుండెకు చేసే అల్ట్రాసౌండ్ పరీక్షలో, ఎడమ కర్ణిక వెడల్పు బృహద్ధమని వెడల్పుకు కనీసం 1.6 రెట్లు ఉండాలి, శరీర బరువుకు తగినట్టు సరిచేసిన ఎడమ జఠరిక కొలత కనీసం 1.7 ఉండాలి, ఎక్స్‌రేలో వెన్నుపూసలతో పోల్చి చూసిన గుండె కొలత 10.5ను దాటాలి. గుండె పెరగని కుక్కకు మందు ముందుగా ఇస్తే మేలు జరుగుతుందని ఆ పరిశోధన చెప్పలేదు.

అందుచేత బీ1లో వేచి చూడటమే సరైనదని నేను నమ్ముతున్నాను. ఈ దశలో ఉన్న కుక్కల్లో చాలావాటికి గుండె వైఫల్యం ఎన్నడూ రాదు. అవసరం లేని మాత్రను రోజుకు రెండుసార్లు, అదీ తిండికి గంట ముందు, ఏళ్ళ తరబడి మింగించడం కుక్కకూ ఇంటివారికీ శ్రమే. బీ2లో మాత్రం ఆగడాన్ని నేను సమర్థించలేను. అక్కడ లక్షణాలు కనిపించేదాకా ఆగడమంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరేదాకా ఆగడమే. మందు సంపాదించిపెట్టగలిగిన నెలలు అప్పటికే చేజారి ఉంటాయి.

కాబట్టి మందు గురించి తేల్చుకునే ముందు ఎకో చేయించండి. కొన్ని నెలల మాత్రల మీద పెట్టే ఖర్చును ముందుగా దీని మీద పెట్టడం మేలని నా అభిప్రాయం. మా కుక్కకు తొలి ఎకోలో కర్ణిక నిష్పత్తి 1.4 వచ్చింది కనుక మందు ఇవ్వకుండా ఆగాము. ఎనిమిది నెలల తరువాత అది 1.7కు చేరి, జఠరిక కొలత కూడా హద్దు దాటడంతో ఆ రోజే మొదలుపెట్టాము. మొదటిసారే మాత్ర అందుకోనందుకు ఇంట్లో అందరికీ బెంగగానే ఉండేది, కానీ ఆ కొలత చేతిలో ఉండబట్టి ధైర్యంగా ఆగగలిగాము. ఎకో అందుబాటులో లేనివారికి ఎక్స్‌రే కొంత ఆసరా: వెన్నుపూస కొలత 11.5 లేదా అంతకు మించి ఉంటే గుండె పెరిగినట్టే భావించవచ్చని 2019 నాటి అమెరికన్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ ఇంటర్నల్ మెడిసిన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంతకు తక్కువ వచ్చినప్పుడు ఎక్స్‌రే ఒక్కదానితో తేల్చడం కష్టం.

మిగిలిన మందుల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. లక్షణాలు లేని కవేలియర్ జాతి కుక్కలకు ఎనలాప్రిల్ అనే రక్తపోటు మందు ఇచ్చి చూసిన పరిశోధన 2002లో వెలువడింది. గుండె వైఫల్యాన్ని ఆ మందు వాయిదా వేయలేకపోయింది. ఒంట్లోని నీటిని మూత్రంగా బయటికి పంపే ఫ్యూరోసెమైడ్, ఊపిరితిత్తుల్లో నీరు చేరాక ప్రాణం నిలిపే మందే గానీ, అంతకు ముందు దానితో పని లేదు. పిల్లుల్లో సాధారణంగా కనిపించేది గుండె కండరం మందమయ్యే వేరే జబ్బు కనుక ఈ లెక్కలు వాటికి వర్తించవు.

మందు వాడుతున్నా, ఆగి చూస్తున్నా, కుక్క గాఢంగా నిద్రపోతున్నప్పుడు ఒక నిమిషంలో ఎన్నిసార్లు ఛాతీ పైకి లేస్తోందో లెక్కపెట్టి రాసుకోండి. బీ1లో ఉన్న కుక్కకు ఆరు నెలల నుంచి ఏడాదిలోపు మళ్ళీ ఎకో చేయించాలి. నిద్రలో శ్వాస వరుసగా 30 దాటుతుంటే తరువాతి పరీక్ష తేదీ కోసం ఎదురుచూడకుండా, అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాలి.