ముద్ద ఘనం, పప్పు పలచన: అనంతపురంలో పెద్దల క్యారియర్ భోజనం

ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు మధ్యాహ్నం ఇంటికే క్యారియర్ పంపే చిన్న వంటిల్లు ఇది. పేరు రాయడం లేదు. పిల్లలు బెంగళూరులో ఉండి ఫోన్‌లో డబ్బు కట్టేవాళ్లే ఎక్కువ. నాలుగు గిన్నెలు, 90 రూపాయలు: రాగి సంగటి, పప్పు, ఓ కూర, చిన్న కప్పు పెరుగు.

రుచికి వంక లేదు. పుంటికూర (గోంగూర) పప్పు ఇంట్లో చేసినట్టే ఉంటుంది. కడుపూ నిండుతుంది, అందుకే లోటు ఎవరికీ తెలియదు. ముద్ద పావుకిలో తూగుతుంది. పప్పు మాత్రం కట్టులా జారుతుంది, అందులో కందిపప్పు పది గ్రాములకు మించదు. లెక్క కడితే ముద్దలో 7, పప్పులో 2, పెరుగులో 2, మొత్తం 11 గ్రాముల మాంసకృత్తులు. పెద్ద వయసులో కిలో బరువుకు రోజుకు కనీసం ఒక గ్రాము, కుదిరితే 1.2 పడాలి. అంటే 50 కిలోల మనిషికి 50 నుంచి 60. పొద్దున ఉగ్గాణి (బొరుగుల ఉప్మా), రాత్రి టీలో బన్నుతో సరిపెట్టుకుంటే కండ కరగక ఏమవుతుంది?

అడిగితే మారుస్తారు, అది మెచ్చుకోవాలి. ముద్ద మూడోవంతు తగ్గించి, పప్పులో 25 గ్రాముల కందిబేడలు పడేలా గట్టిగా చేయించి, ఉడికిన గుడ్డొకటి, చెనిక్కాయల ఊరుబిండి (పల్లీల రోటిపచ్చడి) రెండు చెంచాలు పెట్టించుకుంటే ఆ పూటకు 20 దాటుతుంది. 15 రూపాయలు ఎక్కువ. కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టరును అడిగాకే ఈ మార్పు.

పెద్ద లోపం వేళ. పన్నెండున్నర అని చెప్పి ఒకటిన్నరకు తెస్తారు. సంగటి ఆరితే బిగుసుకుంటుంది. పళ్లు లేనివాళ్లు అంచు గిల్లి, పెరుగు తాగి పడుకుంటారు. నూక కాస్త ఎక్కువేసి జారుగా గెలికి, హాట్‌బాక్సులో పంపమనండి.

కుర్రాడు పాత క్యారియర్ మూత తీసి చూసి మరీ తీసుకెళ్తాడు. వరసగా మూడు రోజులు సగం మిగిలితే పిల్లలకు ఫోన్ చేస్తారు. బరువు చూసే బాధ్యత మాత్రం ఇంటివాళ్లదే: నెలకోసారి, ఒకే మిషన్ మీద. మూడు నెలల్లో 50 నుంచి 47.5కి దిగితే డాక్టరుకు చూపించాల్సిందే.

రాత్రి భోజనం లేదు, ఆదివారం సెలవు. ఆ పూటలకు రాగిజావ నీళ్లతో కాకుండా గ్లాసు పాలతో కాచుకుంటే 6 గ్రాములు కలుస్తాయి. టీ భోజనానికి గంట ఎడంగా తాగాలి, లేకపోతే పుంటికూరలోని ఇనుము సరిగా ఒంటబట్టదు.