బ్లెండర్ పైథాన్ స్క్రిప్టులు: చాన్నాళ్లు వాడాక నా మాట

కడపలో బండల వ్యాపారులకు, ఇళ్లు కట్టుకునేవాళ్లకు త్రీడీ బొమ్మలు చేసిస్తుంటాను. నల్ల బండ పరిస్తే హాలు ఎలా ఉంటుందో, పాలిష్ పట్టిస్తే వెలుగు ఎలా పడుతుందో చూపించాలి. వందల బండలను ఒక్కొక్కటిగా మౌస్‌తో పేర్చలేం. ఆ పని బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో పైథాన్ స్క్రిప్ట్, అంటే పైథాన్ భాషలో రాసిన చిన్న ప్రోగ్రాం, చేస్తుంది. బ్లెండర్ 2002 నుంచి ఓపెన్ సోర్స్, పైసా ఖర్చు లేదు. కొత్తవాళ్లు దీన్ని వదిలేసేది ఎర్రర్ల దగ్గరే, అందుకే వాటి గురించే రాస్తున్నాను.

తరచూ వచ్చేది ‘కర్వ్’కు (వంపు గీతకు) ‘వర్టిసెస్’ (ఆకారం మూలల బిందువులు) లేవనే ఎర్రర్. తెలుగులో పని చేసేవాళ్లకు ఇది మరీ ఎక్కువ. నేను వాడిన వెర్షన్లలో టెక్స్ట్ టూల్‌తో తెలుగు రాస్తే ఒత్తులు విడిపోతాయి. అందుకని గేటు మీద ఇంటిపేరును ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో రాసి, పాత్‌గా (గీతలుగా) మార్చి, ఎస్‌వీజీ ఫైల్‌గా తెచ్చుకుంటాం. అది మెష్‌గా (వర్టిసెస్‌ను కలిపి అల్లిన ఆకారంగా) రాదు, కర్వ్‌గా వస్తుంది. కర్వ్‌లో ఉండేవి స్ప్లైన్లు (వంపు గీతల ముక్కలు), వర్టిసెస్ కావు. సీన్‌లోని ప్రతి ఆబ్జెక్టునూ వర్టిసెస్ అడిగే స్క్రిప్ట్ ఆ ఇంటిపేరు దగ్గర ఆగిపోతుంది. ఆబ్జెక్టులను ఒక్కొక్కటిగా చూసే లూప్ మొదట్లోనే టైప్ ‘మెష్’ అవునో కాదో చూసి, కాకపోతే దాటేయమంటే చాలు. లేదంటే కన్వర్ట్ మెనూలో మెష్ చేసుకోవచ్చు. కానీ ఆ తర్వాత అక్షరాల వంపులు సరిదిద్దడం కష్టం, కాపీ ఒకటి ఉంచుకోండి.

ఎర్రర్‌లో ‘నన్‌టైప్’ (ఏమీ లేదు) అని వస్తే చాలాసార్లు యాక్టివ్ ఆబ్జెక్ట్, అంటే ప్రస్తుతం ఎంచుకున్న ముఖ్యమైన ఆబ్జెక్ట్, ఏదీ లేదన్నమాట. ఆబ్జెక్టును పేరుతో పిలిస్తే ఈ గొడవ తగ్గుతుంది. కాపీ చేసినప్పుడు పేరు చివర .001 చేరుతుంది, అది చూసుకోవాలి.

నాకు టెన్షన్ పెట్టేది అసలు ఎర్రరే రాని తప్పు. 2019లో వచ్చిన బ్లెండర్ 2.80 వెర్షన్‌లో ‘ల్యాంప్’ టైప్ పేరు ‘లైట్’గా మారింది. పాత ట్యుటోరియల్ చూసి టైప్ ‘ల్యాంప్’ అయితేనే వెలుగు పెంచమని రాస్తే స్క్రిప్ట్ హాయిగా పూర్తవుతుంది, లైట్లు మాత్రం మారవు. గంటసేపు రెండర్ అయ్యాక (చివరి బొమ్మ తయారయ్యాక) గానీ తెలియదు. దానితో పోలిస్తే ఏ లైన్‌లో, ఏ టైప్ దగ్గర ఆగిందో చెప్పే ఎర్రర్ ఎంతో మేలు. అనుమానం వస్తే ప్రతి ఆబ్జెక్ట్ పేరునూ టైప్‌నూ ప్రింట్ చేయించండి. విండోస్‌లో అయితే విండో మెనూ నుంచి సిస్టమ్ కన్సోల్ తెరిస్తే అవి కనిపిస్తాయి.

ఇళ్లు, గేట్లు, గ్రిల్స్ డిజైన్ చేసేవాళ్లకు దీన్ని ధైర్యంగా చెప్తాను. ఒప్పుకున్న పని నడుస్తుండగా మాత్రం వెర్షన్ మార్చకండి. కొత్తది జిప్ రూపంలో దించి వేరే ఫోల్డర్‌లో పెట్టుకోండి, రెండూ పక్కపక్కనే పని చేస్తాయి.