ముంబయి నుంచి హైదరాబాద్‌కు డీఆర్: ఏడబ్ల్యూఎస్ ఎలాస్టిక్ డిజాస్టర్ రికవరీ, కొన్నేళ్ల వాడకం తర్వాత

ముందే తేల్చి చెప్తాను. నడుస్తున్న సర్వర్ల డిస్కులను ఉన్నవి ఉన్నట్టు ఇంకో ఊరి డేటా సెంటర్‌కు చేరవేసే పనిలో ఎలాస్టిక్ డిజాస్టర్ రికవరీకి (అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లోని డీఆర్ సర్వీసు; డీఆర్ అంటే ఆపద వస్తే సర్వర్లను వేరే చోట లేపుకునే ఏర్పాటు) నేను పెట్టగలిగే వంక పెద్దగా లేదు. అక్కడ మన అప్లికేషన్ లేచి, యూజర్లు లాగిన్ అయి, బిల్లు కొట్టగలుగుతారా అన్నది వేరే సంగతి. ఆ రెండో పని ఈ ఉత్పత్తి చేసిపెట్టదు, చేస్తానని చెప్పుకోదు కూడా. కొన్నవాళ్లే అది కూడా ధరలో కలిసి వచ్చిందనుకుంటారు.

మాది పాతకాలపు సెటప్. విండోస్ మీద ఈఆర్‌పీ (కంపెనీ లెక్కలు, బిల్లులు నడిపే సాఫ్ట్‌వేర్), వెనక ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్, ఒక ఫైల్ సర్వర్, వెబ్‌కూ రిపోర్టులకూ కొన్ని లినక్స్ మెషిన్లు. అన్నీ ముంబయి రీజియన్‌లో, అంటే అక్కడున్న ఏడబ్ల్యూఎస్ డేటా సెంటర్ల సముదాయంలో. ఒకప్పుడు ఆఫీసు సర్వర్ రూములో ఉన్నవాటిని ఎత్తి క్లౌడ్‌లో పెట్టినవే. కుబర్నెటీస్, మేనేజ్డ్ డేటాబేస్‌ల లాంటి కొత్త తరహా క్లౌడ్ పద్ధతుల మీద బతికేవాళ్లకు ఈ సమీక్షతో పెద్దగా పనుండదు.

2016లో ముంబయి వచ్చాక ఆరేళ్లకు పైగా, అంటే 2022 నవంబర్‌లో హైదరాబాద్ తెరిచేదాకా, మన దేశంలో ఏడబ్ల్యూఎస్‌కు ఉన్నది ఆ ఒక్క రీజియనే. డీఆర్ అంటే సింగపూర్ చూసుకోవాల్సిందే. పేమెంట్ డేటా దేశంలోనే ఉండాలని ఆర్‌బీఐ 2018 ఏప్రిల్‌లో చెప్పాక, ఆ డేటాతో పని ఉన్నవాళ్లకు ఆ దారీ మూసుకుపోయింది. అందుకే హైదరాబాద్ రాగానే మాలాంటివాళ్లం చాలామంది ఇటు తిరిగాం. సొంత ఊరని కాదు, వేరే దారి లేక.

ముంబయిలోనే మూడు జోన్లు, అంటే విడివిడి డేటా సెంటర్లు, ఉన్నాయి కదా, ఇంకో ఊరెందుకని ఖర్చు చూసేవాళ్లు ఇప్పటికీ అడుగుతారు. ఒక భవనం పోతే జోన్లు కాపాడతాయి, నిజమే. కానీ 2005 జులై 26న శాంటాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడింది. 2020 అక్టోబర్ 12న నగరంలో చాలా భాగానికి గంటల తరబడి కరెంటు పోయింది. డేటా సెంటర్లకు జనరేటర్లుంటాయి, ఆ రోజుల్లో అందరూ పడిపోయారని నేననడం లేదు. ఒకే నగరం మీద అన్నీ పెట్టుకోవడంలో ఉన్న రిస్కు ఏమిటో చెప్తున్నానంతే. 2021 మార్చిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్ కాలిపోయినప్పుడు బ్యాకప్ కూడా అదే ప్రాంగణంలో పెట్టుకున్నవాళ్లు రెండూ పోగొట్టుకున్నారు. 2025 సెప్టెంబర్‌లో దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌కు నిప్పంటుకుంటే ఉద్యోగుల ఫైళ్లు దాచే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్లు పోయాయి, దానికి బయట కాపీ లేదు. ఖర్చు ప్రశ్న వచ్చినప్పుడల్లా నేను ఈ రెండే చెప్తాను.

పని చేసే తీరు సులువే. సోర్స్ సర్వర్ మీద ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రాము పెడతాం. అది డిస్కు మీద పడే ప్రతి రాతనూ బ్లాక్ స్థాయిలో పట్టుకుని, కుదించి, ఎన్‌క్రిప్ట్ చేసి, టీసీపీ 1500 పోర్టు మీదుగా హైదరాబాద్‌లోని స్టేజింగ్ సబ్‌నెట్‌కు (కాపీలను అందుకోవడానికి విడిగా పెట్టిన నెట్‌వర్క్ భాగానికి) పంపుతుంది. అక్కడ టీ3 స్మాల్ లాంటి చిన్న రెప్లికేషన్ సర్వర్లు వాటిని అందుకుని చవక డిస్కుల మీద రాస్తాయి. ఒక్కో చిన్న సర్వర్ పదిహేను డిస్కుల దాకా మోస్తుంది. అసలు మెషిన్లు అక్కడ నడవవు, కాబట్టి వాటి కంప్యూట్ ఖర్చు ఉండదు. ఇందులోని పొదుపంతా అదే. మామూలు రోజుల్లో వెనకబాటు సెకన్లలోనే ఉంటుంది. గడిచిన గంటకు ప్రతి పది నిమిషాలకొకటి, రోజంతటికీ గంటకొకటి, ఆ తర్వాత రోజుకొకటి చొప్పున వారం దాకా స్నాప్‌షాట్లు, అంటే ఆ క్షణం నాటి డిస్కు కాపీలు, దాచిపెడుతుంది. ఈ చివరిది చిన్న విషయం కాదు. ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వైరస్) పడితే ఎన్‌క్రిప్ట్ అయిన బ్లాకులు కూడా సెకన్లలో హైదరాబాద్ చేరిపోతాయి. అప్పుడు ఆదుకునేది తాజా కాపీ కాదు, మొన్నటిది. రోజువారీ కాపీలను వారం నుంచి ఇంకా పెంచుకోవచ్చు, మేం పెంచుకున్నాం.

మొదలుపెట్టేవాళ్లు గమనించాల్సినవి కొన్ని. హైదరాబాద్ రీజియన్ ఖాతాలో దానంతటది తెరిచి ఉండదు, మనమే ఎనేబుల్ చేసుకోవాలి. కొత్త రీజియన్లలో టీ2, ఎం4 లాంటి పాత తరం మెషిన్లుండవు. ముంబయిలో ఇంకా వాటి మీదే నడుస్తుంటే అక్కడ ఏ సైజులో లేవాలో ముందే రాసిపెట్టుకోండి. వీసీపీయూ కోటా (ఎన్ని ప్రాసెసర్లు వాడొచ్చన్న హద్దు) రీజియన్‌కు రీజియన్ వేరు. కొత్త రీజియన్‌లో మొదట ఇచ్చేది చాలా తక్కువ. డీఆర్ రోజున కోటా పెంచమని టికెట్ పెట్టి కూర్చునే పరిస్థితి ఎవరికీ వద్దు. లినక్స్ మీద ఏజెంట్ పెట్టాలంటే నడుస్తున్న కెర్నెల్‌కు (లినక్స్ మూల ప్రోగ్రాముకు) సరిగ్గా సరిపోయే హెడర్ ప్యాకేజీలు ఉండాలి. అందుకే కెర్నెల్ అప్‌డేట్ చేసిన ప్రతిసారీ రీబూట్ అయ్యాక రెప్లికేషన్ స్థితి చూడటం మా ప్యాచింగ్ చెక్‌లిస్టులో ఒక గీతగా చేరింది.

ఇక లాంచ్ సెట్టింగులు. నన్నడిగితే ఈ ఉత్పత్తిలో ఎక్కువ సమయం పెట్టాల్సిన చోటు ఇదే, జనం తక్కువ సమయం పెట్టే చోటూ ఇదే. ప్రతి సర్వర్‌కూ ఒక ఈసీ2 లాంచ్ టెంప్లేట్, అంటే క్లౌడ్ మెషిన్ ఏ సైజులో, ఏ సెట్టింగులతో లేవాలో రాసిన నమూనా, ఉంటుంది. దాన్ని మారిస్తే కొత్త వెర్షన్ పుడుతుంది. ఆ వెర్షన్‌ను డిఫాల్ట్‌గా పెడితేనే రికవరీకి పనికొస్తుంది, లేకపోతే పాతదే వాడుతుంది. దానికి తోడు రైట్ సైజింగ్ అనే మీట ఒకటి. అది ఆన్‌లో ఉంటే టెంప్లేట్‌లో మనం రాసిన ఇన్‌స్టాన్స్ (మెషిన్) రకాన్ని పక్కన పెట్టి తనకు తగిందనిపించింది పెట్టేస్తుంది. ఈఆర్‌పీ లాంటివి నడిపేవాళ్లు దాన్ని ఆపేసి రకం చేత్తో రాసుకోవడమే మంచిది.

నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది డ్రిల్‌ను. ముంబయిలో నడుస్తున్న సిస్టమ్‌ను ముట్టుకోకుండా, రెప్లికేషన్ ఆపకుండా, పట్టపగలు పని వేళల్లో హైదరాబాద్‌లో మొత్తం సెటప్‌ను లేపి చూడొచ్చు. పాత పద్ధతిలో ఇది శనివారం రాత్రి అందరినీ కూర్చోబెట్టే వ్యవహారం. కాకపోతే డ్రిల్ మెషిన్ అచ్చం అసలు మెషినే. దానికి తాను నకలునని తెలియదు. షెడ్యూల్డ్ జాబులు లేస్తాయి, మెయిళ్లు వెళ్తాయి, బ్యాంకు ఫైలు ఫోల్డర్‌లో పడుతుంది. అందుకే డ్రిల్‌కు వేరే సబ్‌నెట్ పెట్టి, బయటికి వెళ్లే దారులన్నీ మూసి, అవసరమైనవి మాత్రమే ఒక్కొక్కటిగా తెరవాలి. ఇంకొక జాగ్రత్త: అదే సర్వర్‌కు మళ్లీ డ్రిల్ కొడితే ముందు లేచిన మెషిన్‌ను అది తీసేస్తుంది. అందులో టెస్టింగ్ టీమ్ ఏదైనా దాచుకుంటే అది కూడా పోతుంది.

మెషిన్లు ఐదు నుంచి ఇరవై నిమిషాల్లో లేస్తాయని చెప్తారు. లేస్తాయి కూడా, విండోస్ కాస్త నిదానంగా. అయితే లేచిన మెషిన్ వెంటనే పరుగెత్తదు. దాని డిస్కులు స్నాప్‌షాట్ నుంచి పుట్టినవి. ఏ బ్లాకును మొదటిసారి చదివితే అప్పుడు అది ఎస్3 (అమెజాన్ నిల్వ సర్వీసు) నుంచి దిగుతుంది. పెద్ద డేటాబేస్ మీద మొదటి రిపోర్టు వేసిన యూజర్‌కు సర్వర్ చచ్చిపోయిందేమో అనిపిస్తుంది. మేనేజ్‌మెంట్‌కు ఇచ్చే కాగితం మీద ఇరవై నిమిషాలు రాసేముందు ఈ వేడెక్కే సమయాన్ని డ్రిల్‌లో గడియారం పెట్టి కొలవండి. మా కాగితం మీద ఇప్పుడు రెండు అంకెలున్నాయి: మెషిన్ లేచే సమయం, మామూలు వేగం అందుకునే సమయం. రెండో అంకె చూసినప్పుడే మేనేజ్‌మెంట్‌తో అసలు సంభాషణ మొదలైంది.

ఎస్‌క్యూఎల్ సర్వర్ గురించి విడిగా చెప్పాలి. దాని తాత్కాలిక పనుల డేటాబేస్ టెంప్‌డీబీ పగలంతా డిస్కును రాసి చెరిపేస్తూ ఉంటుంది. రికవరీలో దానికి విలువ సున్నా, అయినా ఆ రాతలన్నీ హైదరాబాద్‌కు ప్రయాణం కడతాయి, స్నాప్‌షాట్లలోకీ ఎక్కుతాయి, బిల్లులోకీ వస్తాయి. దాన్ని వేరే డిస్కు మీదికి మార్చి, ఏజెంట్ పెట్టేటప్పుడు ఆ డిస్కును జాబితాలో చేర్చకుండా ఉండొచ్చు. అప్పుడు ఇంకో చిక్కు. అక్కడ లేచిన మెషిన్‌లో ఆ డ్రైవ్ ఉండదు. టెంప్‌డీబీ దారి కనపడకపోతే ఎస్‌క్యూఎల్ సర్వర్ స్టార్ట్ కాదు. కాబట్టి మెషిన్ లేవగానే ఖాళీ డిస్కు తగిలించి, ఫార్మాట్ చేసి, అదే అక్షరం ఇచ్చి, ఆ తర్వాత సర్వీస్ లేపే స్క్రిప్టు రాసిపెట్టుకోవాలి. కొంత శ్రమే, కానీ రాతలు ఎక్కువున్న చోట ఫలితం కనిపిస్తుంది. డేటాబేస్ మరీ పెద్దదై, నిమిషం నష్టం కూడా భరించలేనిదైతే నా సలహా వేరు: దాన్ని ఈ పద్ధతి నుంచి తప్పించి, డేటాబేస్ సొంత రెప్లికేషన్‌తో హైదరాబాద్‌లో ఎప్పుడూ నడిచే కాపీ పెట్టుకోండి. యూజర్ల లాగిన్లు చూసే యాక్టివ్ డైరెక్టరీకీ అంతే. దాన్ని నడిపే సర్వర్‌ను, అంటే డొమైన్ కంట్రోలర్‌ను, ఇలా నకలు తీయడం కన్నా అక్కడే ఒక చిన్న కంట్రోలర్‌ను రోజూ నడపడం మేలు. అప్పుడు మిగతావి లేచేసరికి లాగిన్, డీఎన్ఎస్ (పేరును ఐపీ అడ్రసుగా మార్చే వ్యవస్థ) సిద్ధంగా ఉంటాయి.

మెషిన్ చుట్టూ ఉండేవి ఇంకో లోకం. పెళ్లికొడుకు ఒక్కడూ విడిదికి చేరితే పెళ్లయిపోదు కదా. యూజర్లను సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్ మీది సర్టిఫికెట్ రీజియన్‌కు చెందింది, హైదరాబాద్‌లో మళ్లీ తీసుకోవాలి. కేఎంఎస్ కీలు (ఎన్‌క్రిప్షన్ తాళాలు), సీక్రెట్లు (దాచిన పాస్‌వర్డ్లు) కూడా అంతే. పబ్లిక్ ఐపీ మారుతుంది. ఈ-ఇన్వాయిస్ ఏపీఐ దగ్గర, బ్యాంకుల దగ్గర, పెద్ద కస్టమర్ల ఫైర్‌వాల్‌లలో మన ఐపీ ముందే రాసి ఉంటే తప్ప మాట కలవదు. హైదరాబాద్‌లో ఎలాస్టిక్ ఐపీలు (మారని పబ్లిక్ అడ్రసులు) ముందుగానే తీసుకుని, నెలనెలా వాటి అద్దె కడుతూ, అందరి దగ్గరా నమోదు చేయించడానికి మాకు పట్టిన కాలం మొత్తం రెప్లికేషన్ సెటప్‌కు పట్టినదానికన్నా ఎక్కువ. ఒక బ్యాంకు దగ్గరైతే ఆ ఒక్క గీత చేర్పించడానికి ఫారాలు, లెటర్‌హెడ్లు, గుర్తుచేసే మెయిళ్లు.

డీఎన్ఎస్ మార్చడం మీద కూడా ఒక మాట. ఏడబ్ల్యూఎస్ డీఎన్ఎస్ సర్వీసు రూట్ 53లో రికార్డులు మార్చే యంత్రాంగం ఉండేది అమెరికాలోని వర్జీనియా రీజియన్‌లో. 2025 అక్టోబర్ 20న డైనమోడీబీ అనే డేటాబేస్ సర్వీసు డీఎన్ఎస్ సమస్యతో ఆ రీజియన్ తడబడిన రోజున ఐఏఎం (అనుమతుల) మార్పులకు కూడా ఇబ్బంది వచ్చింది. ముంబయి దెబ్బతిన్న రోజే వర్జీనియా కూడా దెబ్బతినే అవకాశం తక్కువే. అయినా ఆపదలో చేసే పనుల్లో కొత్తగా సృష్టించేవి, మార్చేవి ఎంత తక్కువుంటే అంత మంచిది. ఐఏఎం రోల్స్ అన్నీ ముందే చేసిపెట్టుకుని, డీఎన్ఎస్‌ను హెల్త్ చెక్ మీద నడిచే ఫెయిలోవర్ (ఒకటి పడితే రెండోదానికి మళ్లించే) రికార్డుగా పెట్టుకున్నాం. సంతోషించాల్సిన విషయం, రికవరీని నడిపే సర్వీసు హైదరాబాద్‌లోనే ఉంటుంది. ముంబయి కన్సోల్ అందకపోయినా మెషిన్లు లేపొచ్చు.

ఇందులో నాకు లోటుగా అనిపించేది వరస. ముందు డేటాబేస్, తర్వాత అప్లికేషన్, ఆ తర్వాత వెబ్ అని అంచెలుగా లేపే ప్లాన్ మనం బయట స్క్రిప్టులతో కట్టుకోవాలి. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్‌లోని సైట్ రికవరీలో ఇది లోపలే ఉంది: రికవరీ ప్లాన్‌లో గుంపులు, మధ్యలో స్క్రిప్టులు, మనిషి ఆగి చూసే మెట్లు. పుణే నుంచి చెన్నైకి దాంతో నడిపే మిత్రుడి దగ్గర చూశాను. ఆ ఒక్క విషయంలో అదే మెరుగు. అందులో క్రాష్ కన్సిస్టెంట్ పాయింట్లు (హఠాత్తుగా కరెంటు పోయిన క్షణంలో డిస్కు ఎలా ఉంటుందో అలాంటి కాపీలు) ఐదు నిమిషాలకొకటి. చెన్నైలో జోన్లు లేవు, 2015 వరదలు మరిచిపోయినవాళ్లూ లేరు. క్లౌడ్ మారేంత తేడా మాత్రం నాకు కనపడలేదు. ఇప్పటికే ఏ క్లౌడ్‌లో ఉంటే దానిదే వాడుకోవడం సబబు.

ధర సర్వర్‌కు గంటకు 0.028 డాలర్లు, అంటే నెలకు దాదాపు 20 డాలర్లు. సైట్ రికవరీకి నెలకు 25, మొదటి 31 రోజులు ఉచితం. ఈ అంకెలు చూసి బడ్జెట్ వేయకండి. స్టేజింగ్ డిస్కులు, స్నాప్‌షాట్లు, రెప్లికేషన్ సర్వర్లు, రీజియన్ల మధ్య ట్రాఫిక్ వేరే లెక్క. రాతలు ఎక్కువుండే సర్వర్‌కు లైసెన్సు కన్నా స్నాప్‌షాట్లే బరువు. డ్రిల్ అయ్యాక మెషిన్లు తీసేయకపోతే అవి మామూలు ధరకే నడుస్తూ ఉంటాయి. ట్యాగు చూసి వాటిని తుడిచే స్క్రిప్టు ఒకటి ఉంచుకోండి.

తిరిగి రావడం గురించి అమ్మేవాళ్లు ఒక స్లైడుతో సరిపెడతారు. హైదరాబాద్‌లో లేచిన మెషిన్ల మీద రివర్స్ రెప్లికేషన్ మొదలుపెడితే ముంబయి వైపు స్టేజింగ్ డిస్కులు కొత్తగా నిండాలి. ఫైల్ సర్వర్ లాంటివాటికి ఇది నిమిషాల పని కాదు. అది పూర్తయ్యేదాకా మీరు ఉన్నది రక్షణ లేని ఒకే ఊళ్లో. కాబట్టి ఫెయిలోవర్ బటన్ నొక్కే అధికారం ఎవరిదో, ఎంతసేపు వేచి చూశాక నొక్కాలో ముందే రాసుకోవాలి. గంటలో కోలుకునే అంతరాయానికి ఊరు మారితే తిరుగు ప్రయాణం రోజులు తింటుంది. మా కాగితంలో ఆ పేరు ఐటీవాళ్లది కాదు, ఫైనాన్స్ హెడ్‌ది. తిరుగు ప్రయాణంతో కలిపి పూర్తి సాధన చేసేటప్పుడు తేదీ కూడా ఆయనే ఖరారు చేస్తారు. నెలలో 11కీ 20కీ జీఎస్టీ రిటర్నులుంటాయి కాబట్టి, మాకు దొరికేది 21 తర్వాతే.